తుప్పు రంగులోని నీతి

1

కిందటి వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు మా యింటికి వచ్చాడు. బి.యస్సీ. చదివే రోజుల్లో ద్వితీయభాషగా తెలుగు నా దగ్గర చదువుకున్నవాడు. ఇప్పుడు ఇంగ్లండులో, లీడ్స్ నగరంలో, ఒక కంప్యూటర్ల కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాడు. కాఫీ తాగాక సంచీలోంచి చిన్న అట్టపెట్టె తీసి, దూది తొలగించి, నా చేతిలో ఒక వస్తువు పెట్టాడు. అరచేతిలో ఇమిడే టాంకు. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనులు వాడిన పాంజర్ నాలుగవ రకం. ఎక్కడో పాత సామాన్ల అంగట్లో ఈ ఇనుప బొమ్మను కొన్నాడని మొదట అనుకున్నాను. అంచుల వెంట రంగు లేచిపోయి లోపలి లోహం నల్లగా కనబడుతున్నది. మరమేకుల కింద నుంచి తుప్పునీరు కారి చారలు కట్టింది. పొగగొట్టం పొక్కులు పొక్కులుగా తుప్పు పట్టింది. చక్రాల నడుమ ఎండిన బురద. గోటితో గీకి చూశాను. ఏమీ రాలలేదు. అది తుప్పు కాదు, రంగు. కింద ఉన్నది ఇనుమూ కాదు, ప్లాస్టిక్.

"రెండు నెలలు పట్టింది మాస్టారూ. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక కూర్చునేవాణ్ణి" అన్నాడు.

"కొత్తదాన్ని పాతదిగా చేయటానికి రెండు నెలలా?" అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు. "అదీ హిట్లరు టాంకుకు! ఊళ్లు తగలబెట్టిన సైన్యానికి నువ్వు కూర్చుని సింగారం చేశావన్న మాట" అని కూడా అన్నాను.

కుర్రవాడికి కోపం రాలేదు. నెమ్మదిగా, "మాస్టారూ, మీరు ద్రోణపర్వం చెప్పేటప్పుడు అభిమన్యుడు పడిపోయిన ఘట్టం రాగానే గొంతు మార్చి రెండేసిసార్లు చదివేవారు. మేమంతా ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. మరి అది సింగారం కాదా?" అన్నాడు.

నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. తరువాత తోచిన జవాబులు కూడా చాలాకాలం నన్ను తృప్తిపరచలేదు. ఎందుకంటే ఈ ప్రశ్న ఆ కుర్రవాడి బొమ్మతో ఆగేది కాదు. బాధను, హింసను, దారిద్ర్యాన్ని దగ్గరుండి అనుభవించని మనిషి వాటి ఆనవాళ్లను అందంగా అనుకరించవచ్చునా? అనుకరిస్తే అది ఎప్పుడు నిజమవుతుంది, ఎప్పుడు అబద్ధమవుతుంది? ఇది సాహిత్యకారులందరినీ, ముఖ్యంగా అభ్యుదయ సాహిత్యకారులమని చెప్పుకునే మనలను, నిలదీసే ప్రశ్న.

2

ముందు ఆ విద్య ఏమిటో తెలుసుకోవటం న్యాయం. తెలియని దాన్ని ఖండించటం తేలిక గనుకనే అది విమర్శ అనిపించుకోదు.

బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధం ఆడే అలవాటు ఐరోపాలో పాతది. ప్రష్యాలో రైస్విట్స్ అనే ఆయన 1812లో తాను తయారుచేసిన యుద్ధక్రీడను రాజుగారి ముందు పెట్టాడు. ఆయన కొడుకు, సైనికాధికారి, 1824లో దానికి నియమాలు అచ్చువేయించాడు. ప్రష్యన్ సైన్యం తన అధికారుల శిక్షణకు దాన్ని స్వీకరించింది. అనగా ఈ ఆట పుట్టింది పిల్లల గదిలో కాదు, సైనిక కార్యాలయంలో. మరోవైపు నూరెంబర్గు ప్రాంతంలో పద్దెనిమిదో శతాబ్దం నుంచే తగరంతో పలచని సైనికుల బొమ్మలు పోతపోసి అమ్మేవారు. వాటికి రంగులు వేసింది ఎక్కువగా ఇళ్లలో కూర్చున్న స్త్రీలూ, పిల్లలూ. దొరబిడ్డల బల్లల మీద కవాతు చేసిన ఎర్రకోటు సైనికుల వెనక పేదయిళ్ల చేతివేళ్లు ఉన్నాయి.

1893లో లండనులో విలియం బ్రిటన్ కంపెనీవారు లోపల బోలుగా ఉండేటట్టు సీసపు సైనికులను పోతపోసే పద్ధతి కనిపెట్టారు. సీసం తక్కువ పడుతుంది కాబట్టి ధర తగ్గింది, సామ్రాజ్యమంతా పెట్టెల్లోకి ఎక్కింది. బెంగాల్ లాన్సర్లతో పాటు మద్రాసు నేటివ్ ఇన్‌ఫెంట్రీ పేరుతో కూడా ఆ కంపెనీవారు బొమ్మలు అమ్మారు. ఇది చదివినప్పుడు నాకు చిత్రమైన బాధ కలిగింది. మద్రాసు సైన్యంలో మన తెలుగు పల్లెల వాళ్లు ఎందరో ఉన్నారు. ఉత్తరదేశంలో సిపాయిని చాలాకాలం 'తిలంగా' అని పిలిచింది ఆ కారణం చేతనే. కడుపుకోసం కుంపిణీ తుపాకి పట్టినవాడు ఇంగ్లీషు పిల్లవాడి పెట్టెలో నిగనిగలాడే రంగుతో, లోపల బోలుగా నిలబడ్డాడు.

ఆ పాత బొమ్మలన్నీ నిగనిగలాడేవే. ఒక్కదాని బూటుకూ బురద లేదు. బొమ్మను మురికిచేసే విద్య తరవాతి కాలానిది. 1970లలో అమెరికాలో షెపర్డ్ పెయిన్, ఆ తరువాతి దశాబ్దంలో బెల్జియంలో ఫ్రాన్స్వా వెర్లిండెన్ వంటివారు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇంగ్లీషులో దీని పేరు 'వెదరింగ్'. ఎండకూ వానకూ గాలికీ వస్తువు పాతబడటం అని అర్థం. యుద్ధాన్ని వార్తాచిత్రాల్లోనూ టెలివిజన్‌లోనూ చూసిన తరం నిగనిగలాడే సైనికుణ్ణి ఇక నమ్మలేకపోయిందని నేననుకుంటున్నాను. ఆ మేరకు ఈ మార్పు వాస్తవికత వైపు వేసిన అడుగే.

ఇక పని పద్ధతి. బొమ్మ ముక్కలను చట్రంలోంచి కోసి అతికిస్తారు. రంగు పట్టటానికి ప్రైమర్ పూస్తారు. పలచని ముదురు రంగును పారిస్తే అది పల్లాల్లోకి దిగి నీడ అవుతుంది. దాదాపు ఎండిన కుంచెను పైపైన రాస్తే మిట్టలు మెరుస్తాయి. చిరిగిన స్పాంజిముక్కను రంగులో అద్ది అంచుల మీద తాటిస్తే పెచ్చులు లేచినట్లుంటుంది. మరొక ఉపాయం ఉంది. ముందు తుప్పురంగు వేసి, దానిమీద జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే కొట్టి, ఆ పైన అసలు రంగు వేస్తారు. ఆరాక నీటితో తడిపి గట్టి కుంచెతో రుద్దితే పైరంగు అక్కడక్కడా ఊడి కింది తుప్పు బయటపడుతుంది. కొందరు స్ప్రేకు బదులు ఉప్పురవ్వలు వాడతారు. తైలవర్ణాన్ని చుక్కలుగా పెట్టి టర్పెంటైన్ వంటి ద్రవంలో ముంచిన కుంచెతో కిందికి లాగితే వాన చారలవుతాయి. చివరకు పొడి చల్లుతారు. ఆ పొడిలో చాలావరకు ఉండేది నిజమైన ఐరన్ ఆక్సైడే. అంటే తుప్పు చేతనే తుప్పు వేషం వేయిస్తారు!

తుప్పుకూ కుళ్లుకూ నెత్తురుకూ సీసాల్లో రంగులు దొరుకుతాయి. ఒక నెత్తురు రంగు పేరు 'బ్లడ్ ఫర్ ది బ్లడ్ గాడ్'. దాన్ని అమ్మే గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండనులో ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టిన కంపెనీ. తరువాత నాటింగ్‌హామ్‌కు చేరింది. 2024 డిసెంబరులో లండన్ షేర్ బజారులోని నూరు పెద్ద కంపెనీల జాబితాలోకి ఎక్కింది. నెత్తుటి రంగు ఎంత పెద్ద వ్యాపారమో ఇక వేరే చెప్పనక్కరలేదు.

3

ఇటువంటి ఆటను గురించి మనవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఒకరు 'ఆట ఆటే, దీనికి నీతి ఏమిటి?' అంటారు. రెండవవారు 'యుద్ధబొమ్మ యుద్ధోన్మాదానికి బీజం' అంటారు. నా విద్యార్థితో నేను అన్నది ఈ రెండవ మాట. ఈ రెండూ ఎంత చాలనివో తెలుసుకోవటానికి ఒక మనిషి కథ చాలు.

హెచ్. జి. వెల్స్ సోషలిస్టు. కొంతకాలం ఫేబియన్ సంఘంలో సభ్యుడు. 1913లో ఆయన 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. గది నేల మీద సీసపు సైనికులను నిలబెట్టి, స్ప్రింగు ఫిరంగితో చిన్న కొయ్యముక్కలు పేల్చి, కొలతలతో, నియమాలతో యుద్ధం ఆడే పద్ధతి అందులో వివరించాడు. నేడు ఈ ఆట ఆడేవారు దాన్ని తమ మూలగ్రంథాల్లో ఒకటిగా లెక్కిస్తారు. పుస్తకం చివర వెల్స్ చెప్పిన నీతి మనకు ముఖ్యం. ఈ బుల్లియుద్ధం నాలుగుసార్లు ఆడి చూసినవాడికి అసలు యుద్ధం ఎంత మొద్దుపనో అర్థమవుతుందనీ, యుద్ధం కావలసిన రాజులనూ సేనానులనూ ఇటువంటి గదిలో పెట్టి ఆడుకోనిస్తే లోకం బాగుపడుతుందనీ ఆయన ధోరణి. అంటే యుద్ధబొమ్మ ఆయనను యుద్ధోన్మాదిని చేయలేదు. శాంతివాదం వైపే నడిపింది.

కాని మరుసటి సంవత్సరం, 1914 ఆగస్టులో, అసలు యుద్ధం వచ్చింది. ఇదే వెల్స్ ఈ యుద్ధం యుద్ధాలను అంతంచేసే యుద్ధమని వాదించాడు. 'ది వార్ దట్ విల్ ఎండ్ వార్' అనేది ఆయన పుస్తకం పేరే. 1918లో బ్రిటిషు ప్రభుత్వ ప్రచారశాఖలో చేరి జర్మనీకి వ్యతిరేకంగా పనిచేశాడు. బుల్లియుద్ధం నేర్పిన బుద్ధి పెద్దయుద్ధం ముందు నిలవలేదు.

ఎందుకు నిలవలేదు? వెల్స్ దుర్మార్గుడని కాదు. ఆయన ఆటలోనే ఒక లోపం ఉంది. ఆ నేల మీద రెండు సైన్యాలు ఉన్నాయి, ఫిరంగులు ఉన్నాయి, బొమ్మ ఇళ్లూ చెట్లూ ఉన్నాయి. యుద్ధానికి కారణం మాత్రం లేదు. మార్కెట్లు లేవు, వలసలు లేవు, ఆయుధాల కంపెనీలు లేవు. రెండు పక్షాలూ ఎందుకు కొట్టుకుంటున్నాయంటే ఆట గనుక. యుద్ధాన్ని కారణం లేని మొద్దుపనిగా చూడటం నేర్చుకున్నవాడికి, కారణాన్ని అందంగా అలంకరించి ఎవరైనా చేతికిస్తే దాన్ని పరీక్షించే సాధనం ఉండదు. 'నాగరికత రక్షణ' అన్నారు, నమ్మాడు. ఆ నాగరికత రక్షణ కోసం మనదేశం నుంచి పదిలక్షలకు పైగా మనుషులను సముద్రాలు దాటించారు. వారిలో డెబ్బయి వేలకు పైగా తిరిగి రాలేదు.

కాబట్టి బొమ్మలవల్ల యుద్ధాలు రావు, బొమ్మలవల్ల ఆగవు. 'ఆట ఆటే' అనటం కూడా చెల్లదు. ఏది కనబడనీయాలో ఏది కనబడకూడదో ప్రతి ఆటా నిర్ణయిస్తుంది. మనం విచారించవలసింది ఆ నిర్ణయాన్ని.

4

తుప్పు రంగు పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. నిజాయితీగా చెబుతాను.

పనిముట్టు చక్కగా పనిచేస్తున్నంతసేపూ దాన్ని చేసినవాడి శ్రమ మనకు గుర్తురాదనీ, కత్తి తెగనప్పుడే కత్తి చేసినవాడు జ్ఞాపకం వస్తాడనీ మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో ఒకచోట వివరించాడు. వస్తువు అంగట్లోకి వచ్చేసరికి దాని వెనక ఉన్న చేతులన్నీ మాయమవుతాయి. మరి తుప్పు, అరుగుదల, బురద చేసే పని ఏమిటి? వస్తువుకు చరిత్ర ఉందని చెప్పటం. దీన్ని ఎవరో తొక్కారు, ఎవరో పట్టుకున్నారు, వానలో వదిలేశారు అని చెప్పటం. నిగనిగలాడే బొమ్మ రాజుగారి కవాతును చూపిస్తుంది. మాసిన బొమ్మ కనీసం సైనికుడి బూటును గుర్తుచేస్తుంది.

దీనికి పోలికగా విశాఖ సముద్రతీరాన్ని చూడండి. 1971 యుద్ధ విజయానికి జ్ఞాపకంగా అక్కడ స్మారకం కట్టారు. దానికి దగ్గర్లోనే 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. నేను విద్యార్థులను తీసుకుపోయినప్పుడు చూశాను. నిజమైన యుద్ధయంత్రాలు శుభ్రమైన రంగుతో, మచ్చ లేకుండా నిలబడి ఉన్నాయి. పిల్లలు వాటి ముందు ఫొటోలు దిగుతున్నారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రంగు వేయక తప్పదు, నిజమే. అయినా ఈ తారుమారు గమనించదగ్గది. నిజంగా యుద్ధం కోసం చేసిన యంత్రాన్ని కొత్తదిగా చూపిస్తున్నాం. ఏ యుద్ధమూ ఎరుగని ప్లాస్టిక్కును లీడ్సులో ఒక కుర్రవాడు యుద్ధంలో అరిగినదిగా చూపిస్తున్నాడు. ఏది ఎక్కువ నిజం చెబుతున్నదని అడిగితే, తడుముకోకుండా మొదటిదని నేను చెప్పలేను.

మరొక సంగతి. ఆ కుర్రవాడు పగలంతా చేసే పని తెర మీద పుట్టి తెర మీదనే పోతుంది. తాను చేసిన ముక్క మొత్తంలో ఎక్కడ కలిసిందో అతనికే తెలియదు. సాయంత్రం కుంచె పట్టి కూర్చున్న రెండు గంటలూ తన చేతి ఆనవాలు తన కళ్లెదుట నిలుస్తుంది. శ్రమ శ్రామికుడికి పరాయిదైపోయిన వ్యవస్థలో మనిషి తన చేతిని తాను వెతుక్కునే ప్రయత్నం ఇది. దీన్ని ఎగతాళి చేయటం మార్క్సిజం కాదు. పగటి పనిలో దొరకవలసిన తృప్తిని రాత్రి సీసాల్లో కొనుక్కోవలసి రావటమే విచారించవలసిన విషయం.

5

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "ఈ మరక ఇక్కడే ఎందుకు పెట్టావు?" అని అతణ్ణి అడిగాను. అతను చెప్పిన జవాబుతో నా ఆలోచన దారి మళ్లింది.

"మొదట్లో ఎక్కడబడితే అక్కడ పెట్టేవాణ్ణి మాస్టారూ. చూసినవాళ్లు నవ్వేవారు. పెచ్చు లేవాలంటే అక్కడ ఏదో తగలాలి. డ్రైవరు ఎక్కే దగ్గర, మూత తెరిచే దగ్గర, చెయ్యి పట్టుకునే దగ్గర. తుప్పునీరు కారాలంటే పైన నీళ్లు నిలిచే చోటు ఉండాలి. బురద కిందనుంచి పైకి పలచబడాలి. అసలు చాలా టాంకులు అంత తుప్పు పట్టేదాకా బతకనే లేదని కూడా వాదిస్తారు. కారణం లేని మరక అబద్ధం."

కారణం లేని మరక అబద్ధం! ఇంతకన్న మంచి వాస్తవికతా సూత్రం నేను ఏ విమర్శగ్రంథంలోనూ చదవలేదు. వాస్తవికత అంటే మురికిని చూపటం కాదు, మురికికి కారణాన్ని చూపటం. చాలామంది నవలాకారులకు తెలియనిది ఆ కుర్రవాడికి కుంచె నేర్పింది.

అయితే ఆ సూత్రాన్ని అతని చేతనే మరో అడుగు వేయించాలనిపించింది. "ఈ బురద ఎక్కడిది?" అన్నాను. "తూర్పు రంగం, 1943 శరత్తు" అన్నాడు. "ఏ ఊరిది?" అన్నాను. మాట్లాడలేదు.

అదే 1943వ సంవత్సరం, అదే తూర్పు రంగం. మార్చి 22న బెలారుస్‌లోని ఖతీన్ అనే పల్లెను నాజీ దండన దళాలు చుట్టుముట్టాయి. జనాన్ని ఒక కొట్టంలోకి తోలి నిప్పుపెట్టాయి. 149 మంది చనిపోయారు. వారిలో 75 మంది పిల్లలు. అటువంటి పల్లెలు బెలారుస్‌లో వందల కొద్దీ ఉన్నాయి. ఆ యుద్ధంలో సోవియట్ ప్రజలు సుమారు రెండుకోట్ల డెబ్బయి లక్షల మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ టాంకు నకలుగా నిలిచిన అసలు టాంకు ఖతీనుకు పోయిందని నేననటం లేదు. కాని దాని చక్రాలకు అంటిన బురద ఏదో ఒక ఊరి పొలంలోది. మరమేకు కింద తుప్పునీటికి కారణం వెతికిన చూపు, ఆ పొలంలోకి టాంకు ఎందుకు వచ్చిందని మాత్రం వెతకలేదు. ఆ ప్రశ్న టాంకు అంచు దగ్గర ఆగిపోయింది.

ఆగిపోతే ఏమవుతుందో ఆ వ్యాపారమే చెబుతున్నది. గేమ్స్ వర్క్‌షాప్ 1987లో 'వార్‌హామర్ 40,000' అనే ఆటను తెచ్చింది. సుదూర భవిష్యత్తులో ఎడతెగని యుద్ధం తప్ప మరేమీ లేని ఒక నిరంకుశ సామ్రాజ్యం కథ అది. మొదట అది నియంతృత్వం మీద వ్యంగ్యమే. కాని బొమ్మలు అందంగా ఉన్నాయి, కవచాలు గంభీరంగా ఉన్నాయి, మీద చిందిన నెత్తురు మెరుస్తున్నది. ఆ సామ్రాజ్యాన్ని ఆరాధించేవారు కూడా తయారయ్యారు. స్పెయిన్‌లో ఒక పోటీకి ఒకడు నాజీ చిహ్నాలు ధరించి వచ్చాడు. ఆ తరువాత 2021 నవంబరులో, ఆ సామ్రాజ్యం వ్యంగ్యమే గాని ఆదర్శం కాదని కంపెనీయే ప్రకటన చేయవలసి వచ్చింది. వ్యంగ్యకారుడు తన వ్యంగ్యానికి టీక రాసుకోవలసి రావటం కన్న ఓటమి లేదు. కారణం నుంచి విడిపోయిన ఆనవాలు ఎవడి చేతిలోకైనా పోగలదు. ఎవడి జెండాకైనా అంచవుతుంది.

6

ఇక నా సంగతి. విద్యార్థికి జవాబు చెప్పటం అంటే ముందు నేను ఒప్పుకోవటం.

ఎం.ఏ. చదివే రోజుల్లో నేను నాట్లువేసే కూలీ స్త్రీల మీద ఒక గేయం రాశాను. కొడవలి అంచున కారిన నెత్తురు మడిలో కలిసి పైరుకు ఎరువైందని అందులో ఉంది. సభల్లో చదివితే చప్పట్లు పడేవి. సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్లో అరుగు మీద కూర్చుని స్నేహితులకు వినిపిస్తున్నాను. మా పొరుగున ఉండే ఒక ముసలమ్మ, నలభై ఏళ్లు నాట్లువేసిన మనిషి, నిలబడి అంతా విన్నది. విని, "బాగానే ఉంది గాని బాబూ, నాట్లకు కొడవలి దేనికి?" అన్నది.

నాట్లు చేత్తో వేస్తారు. కొడవలి కోతలప్పటిది. ఆ సంగతి తెలియనివాణ్ణి కాను. కాని గేయంలో ఎరుపు కావలసివచ్చి కొడవలి పెట్టాను. ఆమె తన వేళ్ల సందులు చూపించింది. "నెత్తురు కారదయ్యా. బురదనీళ్లలో నాని నాని తెల్లగా ఒరిసిపోతాయి. రాత్రి అన్నం కలుపుకుంటే కారం మండుద్ది" అన్నది.

నా గేయంలో ఉన్నది నెత్తురు కాదు, నెత్తుటి రంగు. తప్పు చోట పూసిన తుప్పు. ఆ బొమ్మలు చేసేవాళ్ల సంఘంలోనైతే చూసి నవ్వేవారు. మా సభల్లో చప్పట్లు కొట్టారు. ఈ తేడాను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇది నా ఒక్కడి తప్పే అయితే ఈ పేజీల్లో రాయనక్కరలేదు. ఆకలి, చెమట, నెత్తురు, సంకెళ్లు — ఈ మాటలు మన సాహిత్యంలో ఎన్నిచోట్ల సీసాల్లోంచి తీసి పూసినవో ఎవరికి వారు విచారించుకోవాలి. పూతపూసిన బాధ రెండు విధాలుగా హాని చేస్తుంది. బాధపడేవారికి తమ ముఖం అందులో కనబడదు. బాధపడనివారికి తాము అంతా చూసేశామన్న తృప్తి కలుగుతుంది. తెల్లగా ఒరిసిన వేలిసందు మనలను కూలిరేటు దగ్గరకు, పనిగంటల దగ్గరకు, మడి ఎవరిదన్న ప్రశ్న దగ్గరకు తీసుకుపోగలదు. కొడవలి నెత్తురు చప్పట్ల దగ్గరకు తీసుకుపోతుంది.

అందరూ స్వయంగా అనుభవించిందే రాయాలని కొందరు దీనికి విరుగుడు చెబుతారు. నేను అంగీకరించను. అనుభవం లేనిదే రాయరాదంటే తిక్కన భారత యుద్ధాన్ని రాయరాదు. కావలసింది ఆ ముసలమ్మ చెప్పిన పాటి వినికిడి. ఆ బొమ్మలవాడికి తెలిసిన పాటి కారణ విచారణ. దాన్ని టాంకు అంచు దగ్గర, గేయం చివరి పాదం దగ్గర ఆపకుండా పోనివ్వగల ధైర్యం.

తిక్కన ఆపలేదు. ఆయన యుద్ధపర్వాల్లో వీరం ఉంది, అస్త్రాల మెరుపు ఉంది, నా గొంతు మారే ఘట్టాలు ఉన్నాయి. కాని భారతం అక్కడితో అయిపోలేదు. తరువాత స్త్రీపర్వం ఉంది. ఆడవాళ్లు రణభూమికి వస్తారు. శవాల మధ్య తమవారిని వెతుక్కుంటారు. గాంధారి ఒక్కొక్క కళేబరాన్నీ చూస్తూ, చివరకు కృష్ణుణ్ణే నిలదీస్తుంది. ఆపగలిగీ ఎందుకు ఆపలేదని అడుగుతుంది. అది కారణాన్ని అడగటమే. ఆ ప్రశ్నకు తట్టుకుని నిలిచాకనే ముందటి పర్వాల్లోని వీరానికి అర్థం వస్తుంది. బల్ల మీది యుద్ధంలో స్త్రీపర్వం లేదు. ఆట ముగియగానే బొమ్మలను పెట్టెలో సర్దేస్తారు.

కాని నేను మాత్రం ఏం చేశాను? పన్నెండేళ్లుగా అభిమన్యుణ్ణి రెండేసిసార్లు చదివి, గంట కొట్టగానే పుస్తకం మూసి వచ్చేశాను. పాఠ్యభాగంలో అంతే ఉందనేది నా సాకు. నా విద్యార్థి అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను క్లాసులో చేసిందీ సింగారమే.

అతను తిరిగి ఇంగ్లండు వెళ్లాక ఒక ఉత్తరం రాశాను. 'నీ పని మానుకోమనను, నా మొదటి మాట వెనక్కు తీసుకుంటున్నాను. నీ సూత్రాన్ని మాత్రం వదలకు. ఆ బురద ఎవరిదో తేలేదాకా పని పూర్తికాలేదనుకో' అని. ఈ సంవత్సరం అభిమన్యుడి ఘట్టం చెప్పాక, పరీక్షకు రాదని తెలిసీ, స్త్రీపర్వం నుంచి కొంతభాగం చదివాను. గొంతు మార్చలేదు. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "సర్, గాంధారి అడిగినదానికి కృష్ణుడు సరైన జవాబు చెప్పాడా?" అని అడిగింది. గంట కొట్టినా ఎవరూ కదలలేదు.

ఉపాధ్యాయ మిత్రులకూ, రాస్తున్న విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. ఎర్రరంగు మన దగ్గర చాలా ఉంది. దాన్ని ఎక్కడైనా పూసేముందు, ఇది ఎక్కడినుంచి కారింది, ఎవరు కార్పించారు అని అడుగుదాం. జవాబు దొరికినచోట పూద్దాం. దొరకనిచోట కుంచె కిందపెట్టి, తెలిసినవారిని పోయి అడుగుదాం.